అరంగుళం తక్కువొచ్చిన పెట్టె

మా పామర్రులో వడ్రంగం చేసే అబ్రహాం గారికి హైస్కూల్లో క్రాఫ్టు మేస్టరు ఉద్యోగం వచ్చేలా ఉంది. అందుకు రేపు బెజవాడలో డ్రాయింగు పరీక్ష పాసవ్వాలి. ఎదురుగా ఉన్న పెట్టెను కంటికి ఎలా కనిపిస్తే అలా గీయాలి. డ్రాయింగు టీచర్ని కాబట్టి నెల రోజులుగా సాయంత్రాలు నేనే నేర్పుతున్నాను. ఆయన రోజూ పది పెట్టెలు గీసుకొస్తారు, నేను దిద్దుతాను. దూరంగా ఉన్న అంచు చిన్నదిగా కనిపిస్తుందని ఎన్నిసార్లు చెప్పినా ఆయన అన్ని అంచులూ సమానంగానే గీస్తారు.

ఈ రోజు మొదటిసారి సరిగ్గా గీశారు. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇదేనండీ, రేపు ఇలాగే గీయండి" అన్నాను. ఆయన కాగితాన్ని కాసేపు చూసి, స్కేలు తీసి వెనక అంచు కొలిచారు. తర్వాత రబ్బరుతో ఆ అంచును చెరిపేశారు.

"అదేంటండీ, బాగున్నదాన్ని చెరిపేశారు?"

"అరంగుళం తక్కువొచ్చిందండీ టీచరు గారూ. ఇట్టా చేస్తే మూత కూచోదు. రేపు ఉద్యోగమొస్తే పిల్లలకి ఇదే నేర్పమంటారా?"

ముప్పై ఏళ్లుగా సరిగ్గా మూతపడే పెట్టెలు చేస్తున్న మనిషి మరి. ఆయన అంచు సమానంగా గీసి, తృప్తిగా దణ్ణం పెట్టి వెళ్లిపోయారు.

పొద్దున ఆరింటి బస్సుకి బయల్దేరతారు. ఆయన కొలతను తప్పనకుండా ఆ అంచును చిన్నదిగా గీయించే మాట మీలో ఎవరికైనా తెలిస్తే, బస్సు కదిలేలోగా నాకు చెప్పండి.