అత్తగారి ప్లేటూ అమెరికా మోటారూ

రంగనాథ్ యూనివర్సిటీ సైన్స్ కాలేజీలో ఫిజిక్స్ డిమాన్‌స్ట్రేటరు. అంటే, లెక్చరర్లు నల్లబల్ల మీద నిరూపించిన సత్యాలు ప్రయోగశాలలో విద్యార్థుల చేతుల్లో పడి అబద్ధాలు కాకుండా కాపాడే ఉద్యోగం. అంతటి బరువు మోసే మనిషికి ఉండవలసిన గాంభీర్యం అతనికి పుష్కలంగా ఉండేది. ఆదోని నుంచి వచ్చి తార్నాకలో ఇన్నయ్య ఇంట్లో అద్దెకు దిగాక, కాలేజీలో ఖర్చు కాగా మిగిలిన గాంభీర్యాన్ని పాత గ్రామఫోనుల మీద పెట్టాడు.

పాతసామాన్లమ్మే జుమ్మేరాత్ బజారులో స్ప్రింగు విరిగినవి, చెయ్యి ఊడినవి, గొంతు పోయినవి కొని రిక్షాలో తెచ్చేవాడు. ముందుగది ధర్మాసుపత్రిలా ఉండేది, కోలుకుని పాడింది మాత్రం ఒక్కటీ లేదు.

"ఈ ఇంట్లో మనుషులు కూర్చునేదానికి చోటు లేదు గానీ, పళ్ళేలు తిరిగేదానికి మాత్రం ఉంది," అనేది భార్య రాజేశ్వరి.

అరవై ఏడు వేసవిలో క్యాంపస్‌లో అతిథిగా ఉన్న ఒక అమెరికా ప్రొఫెసరు స్వదేశానికి వెళ్తూ, సామాన్లన్నీ వరండాలో పెట్టి అమ్మేశాడు. తెలివైనవాళ్ళు కూలరూ కుర్చీలూ పట్టుకుపోయారు. రంగనాథ్ కదలని రికార్డు ప్లేయరు ఒకటి పట్టుకొచ్చాడు. కదలకపోయినా దాని కులగోత్రాలు గొప్పవి. కీ తిప్పే పని లేదు, అంతా కరెంటు. ముల్లు ఒకవైపు తిప్పితే కొత్త ప్లేట్లకు, మరోవైపు తిప్పితే పాత లక్క ప్లేట్లకు.

విప్పి చూస్తే లోపల గ్రీజు ముదురు పాకంలా బిగుసుకుపోయి ఉంది. కిరసనాయిలుతో కడిగి, కుట్టుమిషను నూనె వేశాడు. గాజులా నున్నబడిన రబ్బరు చక్రాన్ని గరుకు కాగితం మీద రుద్ది దానికి మళ్ళీ పట్టు తెచ్చాడు. అది నూటపది వోల్టుల యంత్రం, మనది అంతకు రెట్టింపు. అందుకని కోఠీలో ఒక ట్రాన్స్‌ఫార్మరు చుట్టించి, పాట రేడియోలోంచి పలికేట్టు తీగలు కలిపాడు. పళ్ళెం తిరిగింది. భగీరథుడు గంగను దించాక ఎలా నిలబడ్డాడో తెలియదు గానీ, రంగనాథ్ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడే అత్తగారు ఈశ్వరమ్మ ఆదోని నుంచి వచ్చింది. ఆమె అల్లుడి ముందుకు వచ్చేది కాదు, అల్లుడితో మాట్లాడేది కాదు. చెప్పవలసింది వంటింటి గడప అవతల నిలబడి కూతురికి చెప్పేది. అల్లుడు రెండడుగుల దూరంలోనే ఉన్నా, కూతురు దాన్ని మళ్ళీ చెప్పేదాకా వినబడనట్టు కూర్చోవడం అతని ధర్మం.

ఈశ్వరమ్మ పుట్టింది కూడా ఆదోనిలోనే. పదహారో ఏట, పెళ్ళికి ముందు, మద్రాసు కంపెనీవాళ్ళ కోసం ఒక కీర్తన పాడి ప్లేటు ఇచ్చింది. మెట్టినింటివాళ్ళు ఆ ఊసును పెట్టెలో పెట్టి మూత వేశారు. ఆ ఇంటికి గ్రామఫోను రాలేదు, తన ప్లేటును తాను విననూ లేదు. కానీ పేరున్న కాగితం ఏనాడో ఊడిపోయినా, దాన్ని పట్టుగుడ్డలో చుట్టి ఊరూరా వెంట తిప్పుకునేది. తార్నాకలో గోడ మీదుగా ఇన్నయ్య భార్య భూదేవితో మాట్లాడుతూ ఒకరోజు నోరు జారింది: "నేను ప్లేటు ఇచ్చినదాన్ని." సాయంత్రానికల్లా ఆ మాట హబ్సిగూడ దాకా పోయింది. దాని వెనకాలే ఒక నవ్వు కూడా పోయింది.

"అందరి అత్తలు గిట్లనే చెప్తరు. ప్లేటు పెట్టుండ్రి, విందం," అన్నాడు ఇన్నయ్య.

ఆదివారం పొద్దున వీధి వీధంతా ముందుగదిలో కూర్చుంది. రంగనాథ్ యంత్రం మీది గుడ్డను విగ్రహావిష్కరణ చేసినట్టు తీసి, ముల్లు పెట్టాడు. గరగర. హార్మోనియం. తర్వాత, భోజనం ఎక్కువైన మగవాడొకడు నింపాదిగా కీర్తన అందుకున్నాడు.

"పాట మంచిగనే ఉన్నది సారూ," అన్నాడు ఇన్నయ్య, "గని గీ పాడేటాయన ఎవలు?"

"గా దినం అమ్మకు సర్ది అయిందేమో తియ్," అంది భూదేవి. నిజంగా జాలిపడే అంది, గడప అవతల అదే ఎక్కువ మండింది.

రంగనాథ్ చటుక్కున ముల్లు ఎత్తేశాడు. లక్క ప్లేట్లు ఎండలకు సాగుతాయనీ, సాగినకొద్దీ గొంతు బరువెక్కుతుందనీ ఒక సిద్ధాంతం చెప్పాడు. ఆ సిద్ధాంతం వయసు అప్పటికి అర నిమిషం.

జనం వెళ్ళాక గడప అవతలి నుంచి వినబడింది. "రాజీ, ముసలిదయింది ప్లేటా, నేనా అని మీ ఆయన్ని అడుగు. కడదాకా వినకుండానే ముల్లు ఎత్తేసినాడని కూడా చెప్పు. ఆదోనికి టికెట్టు తీయమను."

ఆ రోజు నుంచి ఈశ్వరమ్మ గోడ దగ్గరికి పోలేదు. భూదేవి పిలిస్తే తలనొప్పి అని కూతురితో చెప్పించేది. రంగనాథ్‌కు అన్నం సహించలేదు. అత్తగారు అబద్ధమాడిందని వీధి అనుకుంటోంది, ఆమెను అబద్ధాలకోరును చేసింది తన యంత్రం.

ప్రయాణానికి ముందురోజు ఆమె రాజేశ్వరి హార్మోనియం తీయించుకుని, తలుపు చాటున కూర్చుంది. "ఒకసారి ముల్లు నడిమిన పెట్టమను," అంది. ప్లేటు పాడుతుంటే మెట్లు ఒక్కొక్కటే నొక్కుతూ వచ్చింది.

"నా శృతి ఐదున్నర. ఈ మిషనులో పాడేవాడిది నాలుగు. కానీ సంగతులన్నీ నావే, ఒక్కటి పొల్లుపోలేదు. వీడు ఎవడో కాదే రాజీ, నేనే. నన్ను ఎవరో కిందికి లాగినారు. ఎవరు లాగినారో కనుక్కోమని చెప్పు."

రాజేశ్వరి నోరు తెరిచేలోగా రంగనాథ్ కాగితం మీద లెక్క వేస్తున్నాడు. ఐదున్నర నుంచి నాలుగుకు దిగిందంటే, ఆరు చుట్లు తిరగవలసిన పళ్ళెం ఐదే తిరుగుతోందన్న మాట. యంత్రాన్ని బోర్లించి అడుగున ఉన్న రేకు చదివాడు. నూటపది వోల్టులు, అరవై సైకిళ్ళు. వోల్టుల దాకా మొదటిరోజే చదివాడు. ఆ పక్కది వదిలేశాడు. మన కరెంటు సెకనుకు ఊగేది యాభై సైకిళ్ళే, కాబట్టి అమెరికా మోటారు ఇక్కడ నీరసంగా తిరుగుతుంది. సైకిళ్ళు రాయనందుకు కిందటి వారమే ఒక కుర్రాడి రికార్డు పుస్తకాన్ని విసిరికొట్టిన మహానుభావుడు, ఆ రేకును చొక్కా కొసతో తుడిచి మళ్ళీ చదివాడు.

తర్వాత లేచి టికెట్టు రద్దు చేయించాడు.

మోటారు ఇరుసు ఐదోవంతు లావైతే పళ్ళెం తన వేగం అందుకుంటుంది. క్యాంపస్ వర్క్‌షాపులో లేత్ మిషను మీద పనిచేసే యోహాను దగ్గరికి వెళ్ళి, ఇరుసుకు ఇత్తడి తొడుగు కావాలన్నాడు.

"ఇంత చిన్న ఉంగరం ఎవరికి సార్?"

"మా అత్తగారికి."

"వేలికి ఎక్కదు సార్."

"గొంతుకు ఎక్కితే చాలు."

మొదటి తొడుగు ఒక పక్కకు ఒరిగి, గొంతు ఉయ్యాల ఊగింది. రెండోది నిటారుగా నిలబడింది గానీ కాస్త లావు. "మరీ పాలుతాగే పిల్లను చేసినాడు, తగ్గించమను," అని తలుపు చాటు నుంచి తీర్పు వచ్చింది. రంగనాథ్ సన్నని గరుకు కాగితంతో రుద్దడం, ముల్లు పెట్టడం, హార్మోనియం కోసం చెవి ఒగ్గడం. ఎప్పుడూ ప్లేటు నడిమిన మాత్రమే. చివరికి పోనిచ్చేది కాదు ఆమె. "మిగిలింది నలుగురిలోనే," అనేది. ఒక సాయంత్రం హార్మోనియం ఆగిపోయిందనుకున్నాడు. ఆగలేదు. ప్లేటులో కలిసిపోయి, విడిగా వినబడటం మానేసింది.

మళ్ళీ ఆదివారం. ఈసారి వీధి, కాలక్షేపానికి వచ్చినట్టే వచ్చింది. ఇన్నయ్య గుమ్మం దగ్గర కూర్చున్నాడు, నవ్వొస్తే లేచిపోవడానికి వీలుగా.

ముల్లు దిగింది. గరగరలోంచి ఒక పిల్ల గొంతు లేచింది. సన్నగా, సూటిగా, ఎవరికీ జడవనట్టు. పల్లవి, అనుపల్లవి, చరణం. ఎవరూ దగ్గలేదు. పాట అయిపోయింది. రంగనాథ్ చెయ్యి అలవాటుగా ముల్లు మీదికి పోయింది.

"ఆగమను!" అంది గడప అవతలి గొంతు.

ఆగాడు. రెండు మూడు చుట్లు ఉత్త గరగర. అప్పుడు, ఆ రోజుల్లో కొందరు పాటగత్తెలు చేసినట్టే, ప్లేటులోని పిల్ల గబగబా చెప్పింది: "నేను ఆదోని ఈశ్వరమ్మను!"

ఇంతమంది మగవాళ్ళ మధ్య, ఏ గడపా చాటు లేకుండా.

భూదేవి చీర చెంగుతో కళ్ళద్దుకుంది. ఇన్నయ్య లేచి నిలబడ్డాడు. "మాఫ్ చేయుండ్రి అమ్మా. తార్నాకల ప్లేటు ఇచ్చిన మనిషి మా ఇంట్లనే ఉన్నదని ఇగ నేనే చెప్త."

రంగనాథ్ ఈ సందర్భం కోసం యాభై సైకిళ్ళకూ అరవై సైకిళ్ళకూ గల భేదం గురించి చక్కని ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాడు. ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని గొంతు సవరించుకుంటుండగా, ఈశ్వరమ్మ గడప దాటింది. ముందుగదిలోకి వచ్చి, యంత్రం పక్కన నిలబడి, తిరుగుతున్న పళ్ళేన్ని చూసింది. తర్వాత అల్లుడి ముఖం చూసింది.

"నాయనా, ఇంకొకసారి పెట్టు."

రాజేశ్వరి అలవాటు కొద్దీ అందుకుంది. "ఏమండీ, అమ్మ ఇంకొకసారి..."

"నాకే చెప్పినారు," అన్నాడు రంగనాథ్, నిటారుగా నిలబడి ముల్లు ఎత్తుతూ.