టైట్‌గా ఉండకూడని పిస్టన్

2023 ఎండాకాలం. వనపర్తిలో ఆత్మకూరు రోడ్డు మీద మా షాపు. బోర్డు మీద ‘ఇంజిన్ బోరింగ్’ అని ఉంటుంది. సిలిండర్ లోపలి గోడ అరిగితే దాన్ని గీసి, కొత్త పిస్టన్‌కు సరిపోయేలా చేసే పని అది. కానీ మా వైపు బోరింగ్ అంటే చేనులో వేసే బోరే. అందుకే ఎవరో ఒకరు వచ్చి, “పాన్‌గల్‌ల బోరెయ్యాలె, బండెప్పుడొస్తది?” అని అడుగుతూనే ఉంటారు. మా నాన్న నాకిచ్చిన ఆస్తిలో ఆ బోర్డూ ఉంది, దాంతోపాటు ఆ తిప్పలూ ఉన్నాయి.

ఆ రోజు గుమ్మంలో భుజాన తాడుతో నిలబడ్డ పెద్దమనిషిని చూసి, “కాకా, మేం బోర్లు వెయ్యం” అని ముందే చెప్పేశాను.

“నాకెరుకే బిడ్డా. బోర్లల్ల మోటర్లు దింపేది, గుంజేది నేనే. గిది నా కొడుకు బండి పని” అన్నాడు.

ఆయన పేరు యేసోబు, ఊరు మానవపాడు. వెనకే ఉన్న కొడుకు దావీదు రుమాలు విప్పి పగిలిన పిస్టన్ చూపించాడు. రింగులు కూర్చునే పైఅంచు ముక్క ఊడి వచ్చింది. ఒకరి ఇంజిన్ పగిలితే సంబరపడటం మర్యాద కాదు. కానీ ఏళ్ల తరబడి ఆటోలకు, పాలబండ్లకు పిస్టన్లు వేసి విసిగిపోయిన నాకు ఒక రేసు ఇంజిన్ తనంతట తానే నడిచి వచ్చింది. చేస్తున్న పని పక్కన పెట్టేసి స్టూలు లాక్కున్నాను.

దావీదు మట్టి ట్రాక్ మీద బైకు రేసులు చేస్తాడు. హైదరాబాద్‌లో ఒక టీము ట్రయల్ పెడుతోంది. అందులో నెగ్గితే జీతమిచ్చి టీములో పెట్టుకుంటారు.

“గిది రెండోసారి పగులుడు అక్కా” అన్నాడు. “ట్రయల్‌ల గిట్ల ఆగిపోతే మల్ల పూణెకే పోవాలె, సెంట్రింగ్ పనికి.”

“హెడ్ గీకించినవా?”

“పికప్ కోసం... జర గీకించిన.”

నేననుకున్నదే. హెడ్ అంటే సిలిండర్ మీది మూత. దాన్ని గీకితే లోపల జాగ తగ్గి కంప్రెషన్, అంటే ఒత్తిడి, పెరుగుతుంది. బలం వస్తుంది కానీ, పెట్రోలు తన వేళకు ముందే పేలి పిస్టన్ నెత్తిన మొట్టుతుంది. దాన్ని నాకింగ్ అంటాం. బండితోపాటు వచ్చే స్టాక్ పిస్టన్ కరిగించిన అల్యూమినియాన్ని అచ్చులో పోసి చేసింది. రోజూ తిరిగే బండికి అంతకన్నా మంచిది లేదు. చప్పుడు చేయదు, చాలాకాలం ఉంటుంది. ఇలాంటి మొట్టికాయలకు మాత్రం పెళుసు. ఫోర్జ్‌డ్ పిస్టన్ అలా కాదు. లోహాన్ని వేడి చేసి, ప్రెస్సు కింద బలంగా అదిమి చేస్తారు. దెబ్బకు ఓర్చుకుంటుంది. దావీదు బండికి అది కంపెనీలో దొరకదు, బయటివాళ్లు చేసి అమ్మే ఆఫ్టర్‌మార్కెట్ సామానులో తెప్పించుకోవాలి.

“కంపెనీదే ఎయ్ బిడ్డా. బయటి సామాను మీద నాకు నమ్మకం లేదు” అన్నాడు యేసోబు కాక. ఆయన భయం ఉత్తిది కాదు. నాసిరకం తీగ చుట్టిన మోటార్లు కాలిపోతే పైకి లాగేది ఆయనే.

“ఇంటికి, చేనుకు తిరిగే బండైతే నువ్వు చెప్పిందే వేద్దును కాకా. ఇది తన్నులు తినే బండి” అన్నాను.

కాక సణుగుతూనే ఒప్పుకున్నాడు. పిస్టన్ బెంగళూరు నుంచి వచ్చింది. డబ్బా విప్పినప్పుడు దావీదు కన్నా నేనే ఎక్కువ ఊగిపోయాను. బరువు చూశాను, మైక్రోమీటర్‌తో కొలిచాను. నాకింగ్ తగ్గాలని హెడ్ కింద పరిచే గాస్కెట్ రేకు కాస్త మందంది వేశాను. ఫోర్జ్‌డ్ పిస్టన్ వేడికి ఎక్కువ ఉబ్బుతుంది కనుక దానికి సిలిండర్‌లో ఖాళీ ఎక్కువ వదలాలి. ఎక్కువంటే ఒక వెంట్రుక మందం, అంతే. దానికి తగ్గట్టే సిలిండర్ గీశాను.

అసలు గొడవ ఆ వెంట్రుక దగ్గరే మొదలైంది. మర్నాడు పొద్దున్నే తండ్రీకొడుకులు బండిని నడపకుండా ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని మళ్లీ వచ్చారు. మా పాలమూరులో బండిని మెచ్చుకోవాలంటే ఒకటే మాట, టైట్‌గుంది అంటారు. ఈ బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే టకటకమంటోంది. వాడకట్టంతా చేరి విన్నారట.

“లూజ్ చేసినవ్ బిడ్డా. ఊరి మెకానిక్ కంపెనీ పిస్టనే టైట్‌గ ఎక్కిస్తనంటుండు. విప్పు” అన్నాడు కాక. దావీదుకూ అనుమానం పట్టుకుంది.

నాకు తిక్క రేగింది. ఉబ్బడం, ఖాళీ, మైక్రోమీటర్ అంటూ గడగడా చెప్పుకుపోయాను. ఇద్దరూ గోడకేసి చూస్తున్నారు. కాక భుజం మీది తాడు అప్పుడు నా కంటపడింది.

“కాకా, బోరు కేసింగ్ పైపుల గట్టిగ పట్టే మోటరు దింపుతవా?”

నేనేదో పిచ్చి మాట అన్నట్టు చూశాడు. “ఎట్ల దింపుత? ఇరుక్కుంటే తాత దిగొచ్చినా ఎల్లది. చుట్టూరా నీళ్లు తిరగాలె. జాగ లేకపోతే మోటరు కాలిపోతది.”

“మరి దింపేటప్పుడు కేసింగ్‌కు తాకి చప్పుడు గాదా?”

“అయితది. అయితే ఏంది?” అన్నవాడు అక్కడే ఆగిపోయాడు. బండి వైపు చూశాడు. “వేడికి ఉబ్బితే... జాగ ఉండాలె అంటవ్.”

“దావీదూ, పాన్‌గల్ దాక పోయి రా” అన్నాను. వాడు తిరిగొచ్చేసరికి ఇంజిన్ వేడెక్కింది, టకటక లేదు. కాక వంగి, సిలిండర్ దగ్గర చెవి పెట్టి, చాలాసేపు విన్నాడు. తర్వాత విప్పమని అడగలేదు.

ట్రయల్ నాడు షాపు మూసి నేనూ వెళ్లాను. ట్రాక్ దగ్గర బండి స్టార్ట్ చేయగానే టకటక విని పక్క కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. “వేడి కానియ్యుండ్రి” అన్నాడు కాక, ఆ పిస్టన్ తనే చేసినంత ధీమాగా. జెండా ఊపారు. దావీదు ఎర్రమట్టి దిబ్బల మీద లేస్తూ పడుతూ వెళ్తుంటే నాకు వాడి మొహం గుర్తులేదు, ఆ ఇంజినే నా చెవుల నిండా ఉంది. ఎక్కడా తడబడలేదు. టీము వాళ్లు పిలిచి వాడి పేరు రాసుకున్నప్పుడు సంతోషం పట్టలేక కాకను గట్టిగా వాటేసుకున్నాను.

ఆ తర్వాత నా పద్ధతి మారింది. ఎవరైనా టైట్ చెయ్యమంటే, నువ్వేం పని చేస్తావని ముందు అడుగుతాను. ఎదుటివాడి పనిలోంచి చెబితే నా పని వాడికి ఇట్టే అర్థమవుతుంది.

దావీదు ఇప్పుడు టీములోనే ఉన్నాడు. సెలవు దొరికితే మానవపాడుకు వస్తాడు. మొన్న కాక ఫోన్ చేశాడు, గొంతులో కంగారు.

“బిడ్డా, పరేషాన్‌గుంది. బండి స్టార్ట్ చేస్తే టకటక అంటలేదు. ఏమన్న పాడైందా?”

“దావీదు ఇప్పుడే బండి దిగిండా కాకా?”

“ఆ, ఇప్పుడే వచ్చి తింటుండు.”

“అయితే వేడిగుంది. పొద్దుగాల విను.”

మర్నాడు నేను షట్టర్ ఎత్తకముందే ఫోన్ మోగింది. “విను బిడ్డా” అన్నాడు కాక. ఫోన్ తీసుకెళ్లి ఇంజిన్ దగ్గర పెట్టాడు. టకటక, టకటక.