రిసార్టు గేటు బయట

మనవలు నీళ్లలో ఆడుకుంటారని మావాళ్లు రాజమండ్రి అవతల ఒక రిసార్టుకి వెళ్తూ నన్నూ తీసుకెళ్లారు. మర్నాడు రాజమండ్రి ఆసుపత్రిలో ఉన్న మా చెల్లెల్ని చూడాలి. మధ్యాహ్నం దాటితే లోపలికి రానివ్వరు. హోటలు కారు అద్దె విని వద్దన్నాను. ఆ డబ్బుతో మా ఇంట్లో నెల్లాళ్లు పాలు పోయించుకోవచ్చు. బయటి ఆటోలు గేటు దాటి రాకూడదట. గేటు అందం చెడుతుందని ఎదురుగా ఉన్న బస్సు స్టాపు కూడా తీయించేశారట.

ఎండలో రోడ్డు మీద నిలబడితే వచ్చిన బస్సు ఆగకుండా పోయింది. పక్కనే చేపల గంపతో ఒకావిడ ఉంది.

"ఎక్కడికండి?" అంది. ఆసుపత్రిలో చెల్లెలి దగ్గరికని చెప్పాను.

"అయితే నా పక్కన నిలబడకండి. గంప కనిపిస్తే కంపు అని బస్సు ఆపరు. పులుసులోకి వెళ్తే మాత్రం కంపుండదండి."

గంప ఎత్తుకుని రిసార్టు బోర్డు వెనక్కి వెళ్లి నిలబడింది. తరవాతి బస్సు ఆగింది. ఆవిడ కూడా వస్తే కండక్టరు తలుపుకి అడ్డం నిలబడ్డాడు.

"గంప ఎక్కించకూడదమ్మా."

"అయితే నేనూ ఎక్కను," అన్నాను.

"పంతానికి పోకండి మామ్మగారూ. మీ చెల్లెలు ఎదురుచూస్తారు," అంటూ, తడి చేతులు నా చీరకు తగలకుండా మోచేత్తో నన్ను లోపలికి నెట్టింది.

రాజమండ్రి దాకా ఆ కండక్టర్ని దులిపేస్తూనే ఉన్నాను. అతను వినిపించనట్టే టిక్కెట్లు కొట్టుకున్నాడు. చెల్లెల్ని వేళకే చూశాను. గంపలో చేపలు ఆ ఎండకు ఎంతసేపు నిలిచాయో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.