రాళ్లబావి వాళ్లు

పుంగనూరులో విత్తనాల అంగడి పెట్టుకున్న చెంగల్రాయప్పకు ఇంటిపేరంటే ప్రాణం. 1993లో కూతురు హేమావతి, మదనపల్లె కాలేజీలో తనతో చదివిన మునిరత్నాన్ని చేసుకుంటానంది. కులం అడిగాడు, ఒకటే. ఇంటిపేరు అడిగాడు, అదీ ఒకటే: రాళ్లబావి. ఒకే ఇంటిపేరంటే అన్నాచెల్లెళ్ల వరస. "అన్నను కట్టుకుంటావా మే?" అని ఆ ఒక్క మాటతో నోరు మూయించాడు. ఆమె ఇంకెవరినీ చేసుకోలేదు.

పదమూడేళ్లకు, తన మాటే రైటని చూపించాలన్న పంతంతో నోటుబుక్కు పట్టుకుని కుప్పం బస్సెక్కాడు. రామకుప్పం అవతల రాళ్లబావి అనే పల్లె ఉంది. కరువులో ఊరొదిలిన వాళ్లందరికీ, చుట్టరికం లేకున్నా, ఆ ఊరే ఇంటిపేరవడం మన తట్టు కొత్తేమీ కాదు గానీ, ఆ సంగతి ఆయనకు తట్టలేదు.

మునిరత్నం వాళ్లకూ తమకూ వరసేమిటని అడిగితే, పల్లెలో రాగులు చెరుగుతున్న కిష్టమ్మ అనే ముసలామె నవ్వింది. "మీకూ వాళ్లకూ యాడి సుట్టరికమప్పా? మీ తాత కోలారు నుంచి వచ్చినోడు, వాళ్లు ఈడోళ్లే. ఇంటి దేవర్లు కూడా వేరే. మా అత్త కాలంలో మీ రెండిండ్లకూ పెండ్లి కూడా జరిగిండాది."

ఇంటికొచ్చేసరికి హేమావతి విత్తనాలు పొట్లాలు కడుతోంది. చెప్పులైనా విప్పకుండా అంతా చెప్పాడు. ఆమె చెయ్యి ఆగలేదు.

"నాకు అప్పుడే తెలుసు నాయినా. మునిరత్నం అప్పుడే ఆ పల్లెకు పోయి కనుక్కొనొచ్చినాడు. నేను సెప్పబోతే సెవులు మూసుకుంటివి. నీకు సెప్పాలని ఆయప్ప మన వాకిట్లో రెండు గంటలు నిలబడినాడు."

ఆ వాకిలి ఆయనకు గుర్తుంది. లోపల గడియ వేసింది తన చెయ్యే.