చెవుల్లో దూది

బందరు నుంచి బెజవాడ పోయే బస్సులో, ఉయ్యూరు దాటాక, పక్క సీటాయన్ని టైమెంతయిందని అడిగాను. పలకలేదు. ముందు సీట్లో ఎండుచేపల గంప ఒళ్లో పెట్టుకున్నామె వెనక్కి తిరిగింది.

"ఆయనకి వినపడదండీ. చెవుల్లో దూది చూళ్లేదా?"

కంకిపాడులో టీకి దిగాం. పక్క సీటాయన ముఖం ఎక్కడో చూసిన గుర్తు. ఏదో వారపత్రికలో, పూలదండతో.

"బహుమతి కథల వెంకటప్పయ్యగారు కాదూ?" అన్నాను.

"మెల్లగా అనండి బాబూ," అని అటూ ఇటూ చూశాడు చెవిటాయన.

గవర్నర్‌పేటలో ఎరువుల కొట్టు గుమాస్తా. ఆదివారమొస్తే బస్సెక్కి, జనం మాటలు విని, వాటితోనే కథలల్లుతూ వచ్చాడు. డెబ్బై రెండులో రాష్ట్రస్థాయి బహుమతి వచ్చింది. ఫొటో పడింది. అక్కడితో సరి.

"నేనెక్కితే బస్సు బస్సంతా నోరు మూసుకుంటదండీ. మా ఆవిడ కూడా పక్కింటావిడతో కబుర్లు మధ్యలో ఆపి, 'లోపలికి పోదాం పద వదినా, రాసేస్తాడు' అంటది. రెండేళ్లయింది కథ రాసి."

"శాలువాలొచ్చాయిగా."

"గంపెడొచ్చాయి. ఒక్కటీ నోరు విప్పదు."

మారువేషాల్లో తిరిగిన రాజుల కథలు దేశదేశాలవీ చదివాను. కిరీటం దాచినవాళ్లే గాని చెవులు దాచినవాణ్ణి ఏ పుస్తకంలోనూ చూడలేదు.

బస్సు కదిలింది. ఆయన మళ్లీ చెవిటివాడయ్యాడు. ముందు సీటామె పక్కనున్న స్నేహితురాలితో అంటోంది:

"మా మరిది పోలరాజు పెళ్లాంతో మాట్లాడక ఏడాదయింది వదినా. ఏదైనా పిల్లికే చెబుతాడు. 'పులుసులో ఉప్పు లేదని చెప్పవే పిల్లీ' అంటాడు. అదేం తక్కువా? 'నోర్మూసుకుని తినమనవే పిల్లీ' అంటది."

"పాపం, ఆ పిల్లి ఎట్టా వేగుతుందో."

"ఎక్కడ వేగిందీ? మొన్న ఇల్లొదిలి పోయింది."

"మరిప్పుడెట్టా మాట్లాడుకుంటన్నారు?"

"పోరంకి, పోరంకి," అని అరిచాడు కండక్టరు. ఆడవాళ్లిద్దరూ గంపలెత్తుకుని దిగారు. వెనకే వెంకటప్పయ్య లేచాడు. ఆయన టికెట్టు బెజవాడకి.

"ఇంకా రాలేదండీ మన ఊరు," అన్నాను భుజం తట్టి.

వినపడలేదు. ఈసారి నిజంగానే.

కిటికీలోంచి చూశాను. గంపల వెనకే, మెడ కాస్త ముందుకు చాచి, చెవిలో దూది పీకేస్తూ నడిచిపోతున్నాడు.