కొత్త కంప్యూటర్‌లో తెరుచుకోని ప్రోగ్రామ్

కెనడాలోని ఎడ్మంటన్‌లో ఆ చలికాలం నాకు ఏదీ పట్టేది కాదు. కాలేజీ, కాఫీ షాపులో పార్ట్‌టైమ్, తోటి తెలుగు కుర్రాళ్లతో అద్దెకుండే బేస్‌మెంట్. అన్నం తిన్నానో లేదో కూడా ఒక్కోసారి గుర్తుండేది కాదు. బాధ అనడానికీ లేదు, మొద్దుబారిపోయానంతే.

ఆ సెమిస్టర్‌కి నేనొక చిన్న ప్రోగ్రామ్ రాశాను. దాన్ని ఎవరి కంప్యూటర్‌లోనైనా ఒక్క క్లిక్కుతో ఎక్కించే ఇన్‌స్టాలర్ కూడా రాయాలి. అది పనిచేయకపోతే కోర్సు పోతుంది. కోర్సు పోతే స్టడీ పర్మిట్ గడువులోగా చదువు పూర్తికాదు. అందుకే మా బేస్‌మెంట్‌లో ఉన్న లాప్‌టాప్‌లన్నింటిలోనూ వేసి చూశాను. అన్నిట్లోనూ చక్కగా నడిచింది.

ల్యాబ్‌లో ప్రొఫెసర్ ఒక కొత్త కంప్యూటర్ మీద క్లిక్ చేశారు. ఇన్‌స్టాల్ అయినట్టే అయింది గానీ ప్రోగ్రామ్ తెరుచుకోలేదు. ఫలానా సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ లేదంటూ ఎర్రక్షరాలు వచ్చాయి. ప్రోగ్రామ్ నడవడానికి ఏమేం కావాలో ఇన్‌స్టాలరే ముందు వెతుక్కోవాలనీ, లేనివి తనే తెచ్చి పెట్టుకోవాలనీ చెప్పి, సోమవారం మళ్లీ రమ్మన్నారు.

అసలు సంగతి ఏమిటంటే, మా బేస్‌మెంట్‌లో కొత్తగా ఎవరు దిగినా సీనియర్ అన్న వాళ్ల చేతికో సిమ్ కార్డూ, తన పాత జాకెట్టూ ఇచ్చి, లాప్‌టాప్ లాక్కుని తన పెన్‌డ్రైవ్ గుచ్చేవాడు. కావలసిన ప్యాకేజీలన్నీ అందులోంచి ఎక్కేవి. అలా మా లాప్‌టాప్‌లన్నీ ఒక్క తల్లి పిల్లలే. ఎన్నింట్లో చూసినా ఒకదాంట్లో చూసినట్టే.

అన్న అప్పటికే ఉద్యోగం దొరికి వాంకూవర్ వెళ్లిపోయాడు. ఫోన్ చేసి, ఆ పెన్‌డ్రైవ్‌లో ఏమేం ఉండేవని అడిగాను.

"ఏమో రా, ఎవడేది అడిగితే అది ఏసుకుంట పోయిన. గిప్పుడు ఆ పెన్‌డ్రైవ్ కూడ ఏడ పడ్డదో," అన్నాడు. వరంగల్ మనిషి.

ఇక ఇన్‌స్టాలర్‌ని వేరే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, నా లాప్‌టాప్‌నే కొత్తదానిలా ఫార్మాట్ చేశాను. ఇంటి ఫొటోలు దాచుకోవాలన్న ధ్యాస కూడా రాలేదు. పోయాక గమనించాను. ఏమీ అనిపించలేదు. అనిపించనందుకు మాత్రం కాస్త భయమేసింది. ఇన్‌స్టాలర్ నడిపాను. అది ఎక్కడ ఆగితే అక్కడ ఏది తక్కువైందో చూసి, దాన్ని తెచ్చుకోమని రాశాను. మళ్లీ అంతా చెరిపి, మళ్లీ నడిపాను.

సోమవారం ప్రొఫెసర్ క్లిక్ చేశారు. ప్యాకేజీ లేదని ఇన్‌స్టాలరే కనిపెట్టి తెచ్చుకుంది. ప్రోగ్రామ్ తెరుచుకుంది. పాసయ్యావన్నారు. బయటికొచ్చి మంచులో నిలబడి, సంతోషం వస్తుందేమోనని చూశాను. రాలేదు.

"అన్నా, గట్టెక్కాను," అని ఫోన్‌లో చెప్పాను.

"శభాష్ రా! జర ఆ ఇన్‌స్టాలర్ నాకు పంపు. ఆఫీసుల కొత్త లాప్‌టాప్ ఇచ్చిండ్రు. ఏమేం ఏసుకోవాల్నో తెల్వక పొద్దటి సంది దాని మొహం చూస్కుంట కూసున్న."

నవ్వొచ్చింది. ఒక్కణ్ణే నిలబడి పగలబడి నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాను.

"ఏమైంది రా?" అంటూ అన్న గాభరాపడ్డాడు.

"ఇంటి ఫొటోలన్నీ పోయాయన్నా," అన్నాను.