తువ్వాలు కింద హిమాలయం

నవ్వబోమని మాటిస్తేనే ఈ కథ చెబుదామనుకున్నాను. కానీ పత్తికొండ సంత మొత్తం నవ్వేశాక మిమ్మల్ని మాత్రం ఆపి నాకొచ్చే లాభమేముంది? కర్నూలు నడిబొడ్డున, చల్లటి ఏసీ హాల్లో, పదిమంది చదువుకున్నవాళ్ల ముందు నా పరువునూ నా కూతురి సెలవులనూ ఒకే బేరంలో ముంచేసిన ఘనుణ్ణి నేను. చదవండి, నవ్వండి, పోండి.

నేను ఎడ్ల బేరగాణ్ణి. ఐదో తరగతిలోనే బడికి నమస్కారం పెట్టేశాను. అయ్యవారు కూడా సంతోషంగా ప్రతినమస్కారం చేశాడు. అయితేనేం, ఎద్దు నోరు తెరిస్తే దాని వయసు, ఆసామి నోరు తెరిస్తే వాడి అబద్ధం ఇట్టే పట్టేస్తాను. మా సంతలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుంటారు. లోపల వేళ్లు పట్టుకోవడమే మాట్లాడుకోవడం. ఒక వేలు పట్టుకుంటే పదివేలు, సగం వేలు నొక్కితే ఐదువేలు. పక్కనున్నవాడికి మా ముఖాలు తప్ప ఏమీ కనబడవు. ఆ ముఖాల్లో కూడా ఏమీ కనబడకూడదు. విద్యంతా అక్కడే ఉంది.

మా హారిక ఏడో తరగతి. వేసవి వచ్చిందంటే మా ఊరు పెనం, మేమంతా దాని మీద అట్లు. ఒకరోజు ఆ పిల్ల ఫ్రిజ్ తలుపు తెరిచి లోపల తల పెట్టుకుని అడిగింది.

"నాయనా, నిజం మంచు యాడుంటాది?"

"హిమాలయాల్లో ఉంటాదంట."

"నువ్వు చూసినావా?"

"చూసొచ్చినోణ్ణి చూసినా."

"నాకు చూపిస్తావా?"

"ఈ ఎండాకాలమే చూపిస్తా పో. మాటంటే మాట!"

ఆ వారమే బడిలో కబురు చెప్పారు. పిల్లలను కొండల మీదికి తీసుకుపోయే అంతర్జాతీయ వేసవి శిబిరాలవాళ్లంతా కర్నూలులో ఒక హోటల్ హాలుకు వస్తారట, తల్లిదండ్రులు అన్నీ చూసి నచ్చింది ఎంచుకోవచ్చట. చూసి ఎంచుకోవడమంటే సంతే కదా! నా చేతులు దురద పెట్టాయి. మా ఆవిడ ఈశ్వరమ్మ ముందే హెచ్చరించింది.

"ఈడ ఎడ్లకు చేసినట్ల ఆడ చేయొద్దు. వాళ్లు చెప్పిన దుడ్లు కట్టి, పేరు రాయించుకోని రాండి."

"చెప్పినంత ఇచ్చేదానికి నేనేమన్నా పిచ్చోణ్ణా?"

"అది నేను చెప్పాల్నా?" అంది.

హాల్లోకి పోతే గుడారాలు, తాళ్లు, గోడ నిండా మంచుకొండల బొమ్మలు. నీలం టోపీలు పెట్టుకున్న శిబిరాలవాళ్లు నవ్వుతూ తిరుగుతున్నారు. మా పద్ధతిలో నేను విచారణ మొదలుపెట్టాను. "మీ కొండ మెత్తనిదా, పొగరుదా? ఇంతకు ముందు ఎవురన్నా పడినారా?" ఒక బల్ల దగ్గర అమ్మాయి ఓపికగా అన్నిటికీ జవాబు చెప్పి, చివరికి "ఫీజు మాత్రం ఫిక్స్‌డ్ సార్" అంది.

"కట్టేసేది ఎద్దును తల్లీ, ధరను కాదు" అన్నాను. ఆమె నవ్వలేదు. నాకు కోపమొచ్చింది.

హారిక నా చొక్కా లాగింది. "నాయనా, ఈ శిబిరమే బాగుండాది. కొన్ని సీట్లే మిగిలినాయంట. బిరీన రాయించు."

"ఉండమ్మా. జీతగాళ్లతో మనకేం పని? ఓనరును పట్టుకుంటా చూడు!"

అంతకు ముందే నేనొక పని చేశాను. ఎండకు పనికొస్తుందని ఒక కుర్రాణ్ణి బతిమాలి ఒక నీలం టోపీ సంపాదించి నెత్తిన పెట్టుకున్నాను. ఇది గుర్తుపెట్టుకోండి, నేను మాత్రం మరిచిపోయాను.

అప్పుడు కనబడ్డాడు ఓనరు. అన్నిటికన్నా పెద్ద మంచుకొండ బొమ్మ కింద, కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. తెల్ల పంచె, గుబురు మీసం, నెత్తిన నీలం టోపీ. అన్నిటికీ మించి, భుజాన తువ్వాలు! నన్ను చూడగానే లేచి నమస్కారం పెట్టాడు. ఇంత పెద్ద కొండ ఉండి ఎంత వినయమో అని మురిసిపోయాను.

"ఏమప్పా, కొండ బాగుండాదా?" అన్నాను.

"శానా బాగుండాది. చూస్తానే ఉండా కదా!" అన్నాడు బొమ్మ వైపు చెయ్యి చూపి.

"పిల్లోళ్లకు భయమేం లేదు కదా?"

"నీయట్లా పెద్దమనిషి ఉండంగ భయమేందప్పా?"

"మల్ల బేరం..."

ఆ మాట నా నోట్లో ఉండగానే తువ్వాలు తీశాడు. నా గుండె పొంగిపోయింది. చేతులు కలిశాయి. నేను నాలుగు వేళ్లు పట్టుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపి మూడు పట్టుకున్నాడు. నాకు అర్థం కాలేదు. అమ్మేవాడే ధర దించుతున్నాడేమిటి? సరే, వచ్చిన అదృష్టాన్ని కాలదన్నడమెందుకని రెండు పట్టుకున్నాను. ఆయన ఒకటి పట్టుకున్నాడు. పాపం, ఏ కష్టంలో ఉండి కొండను ఇట్లా తెగనమ్ముకుంటున్నాడో అని నా కళ్లలో నీళ్లు తిరిగాయి. చూస్తే ఆయన కళ్లూ చెమర్చి ఉన్నాయి!

హారిక పరుగెత్తుకుంటూ వచ్చింది. "నాయనా, రెండే సీట్లంట!"

"గమ్మునుండమ్మా, ఓనరు నా చేతిలో ఉండాడు!"

సగం వేలు నొక్కాను. ఆయన గట్టిగా చెయ్యి ఊపేశాడు. ఐదువేలకు హిమాలయం! మా సంతలో చెయ్యి ఊపితే ఇక బ్రహ్మదేవుడు దిగివచ్చినా బేరం తిరగదు.

"అయితే మా పావనిని ఎప్పుడు పిలుచుకపోతావప్పా?" అన్నాడాయన.

"నేనా? మా హారికను పిలుచుకపోయేది నువ్వు కదా!"

"నేనెందుకు పిలుచుకపోతా? ఓనరువు నువ్వు!"

"నేను ఎడ్ల బేరగాణ్ణప్పా, పత్తికొండ!"

"నేను గొర్రెల బేరగాణ్ణి, మైదుకూరు! పేరు ఓబులేసు!"

"మల్ల ఆ టోపీ?"

"ఎండకని ఒక పిల్లోణ్ణి బతిమాలి తీసుకుంటి. నీది?"

నాది తీసి చంకలో దాచుకున్నాను. లోకంలో నా అంతటి తెలివిగలవాడు ఇంకొకడు పుట్టి ఉంటాడని నాకెట్లా తెలుసు? ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట ఒకడు. ఇక్కడ ఇద్దరు బేరగాళ్లు కలిసి ఆ దూడకు ధర కూడా కట్టేశారు.

బల్ల దగ్గరికి పరుగెత్తాం. "సీట్లు అయిపోయాయి సార్" అంది ఆ అమ్మాయి. ఈసారి నవ్వింది.

హారిక ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఓబులేసు కూతురు పావనితో ఏదో గుసగుసలాడి, నడుం మీద చేతులు పెట్టుకుని మా ఎదురుగా నిలబడింది.

"చెయ్యి ఊపినాక మాట తప్పితే ఎద్దు గూడా మొగం చూడదని నువ్వే అంటావు కదా నాయనా?"

"అంటా..."

"ఊపినావా లేదా?"

"ఊపినా..."

"అయితే పావనిని నువ్వు పిలుచుకపోవాల. నన్ను ఓబులేసు మామ పిలుచుకపోవాల. ఐదువేలకే!"

నేను ఓబులేసు వైపు చూశాను, ఓబులేసు నా వైపు చూశాడు. ఇద్దరమూ ఓనర్లమైపోయాం. అన్నం కన్నా మాట పెద్దదని బతికిన వంశాలు మావి. పిల్లలతో హిమాలయాలకు రైలెక్కాం. ఐదువేలు రైలు దిగేలోపే కరిగిపోయాయి, మిగతాది ఈశ్వరమ్మకు చెప్పకండి. ఓబులేసు బట్టలన్నీ యూరియా సంచుల్లో కుక్కి తెచ్చాడు. కొండ మీద పిల్లలు ఆ సంచులు ఖాళీ చేసి, వాటి మీద కూర్చుని మంచులో జర్రున జారుతూ కేకలు పెట్టారు. మేమిద్దరం ఒకే గొంగడిలో దూరి, చలికి పళ్లు కటకటలాడుతుంటే కాపలా కాశాం. ఎవరో తెల్లదొరసాని చూసి ముచ్చటపడి, సంచి అడిగి తీసుకుని తానూ జారింది. అట్లా మా శిబిరం అంతర్జాతీయం కూడా అయ్యింది!

ఇప్పుడు సంతలో నన్ను ఎడ్ల సంగతి ఎవరూ అడగడం లేదు. "ఏమప్పా, నీ ఇంటర్నేషనల్ క్యాంపు ఈ ఏడు ఎప్పుడు? మా పిల్లోణ్ణి గూడా చేర్చుకో" అని తువ్వాలు తీసి చెయ్యి చాస్తున్నారు.

అందుచేత, నన్ను పోషించే పలుపుతాడు సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను. అవతలివాడు కొనేవాడో అమ్మేవాడో నోటితో అడగకుండా ఈ జన్మలో తువ్వాలు కింద చెయ్యి పెట్టను. నీలం టోపీ పెట్టుకోను. కొండలు కొనను, అమ్మను. మొన్న మైదుకూరు పోయినప్పుడు ఓబులేసు కూడా ఇదే ఒట్టు వేశాడు. ఇద్దరం గంభీరంగా చెయ్యీ చెయ్యీ కలిపాం.

పక్కనే ఉన్న హారిక అడిగింది.

"మల్ల పైన ఆ తువ్వాలు ఎందుకు కప్పినారు నాయనా?"